పొద్దు గుంకగానే ఆట వదిలిపోయే స్నేహితుడు

పిల్లలూ!

నెలనెలా మీరు పంపే ప్రశ్నల్లోంచి ఒక దాన్ని తీసుకుని ఈ పేజీలో చెప్పుకుంటున్నాం గదా! ఈ నెల ప్రశ్న కొంత ఆకాశానికి సంబంధించింది, కొంత స్నేహానికి సంబంధించింది. ముందు ఉత్తరం చదవండి.

"తాతయ్యా! మా వీధి పిల్లలం రోజూ సాయంత్రం బంతాట ఆడుకుంటాం. మాలో ఒక ముస్లిం కుర్రాడున్నాడు. ఆటలో వాడే గట్టివాడు. కాని ఆట మంచి పట్టులో ఉండగా మసీదు నుంచి పిలుపు వినబడుతుంది. అంతే, వాడు నమాజుకు వేళయిందని చెప్పి పరుగెత్తుతాడు. పోనీ రోజూ ఒకే వేళకు పోతాడా అంటే అదీ లేదు. ఎండాకాలంలో ఏడు కావస్తుండగా పోయేవాడు, ఇప్పుడు ఆరు కాకముందే పోతున్నాడు. ఓడిపోతానన్న భయంతో తనకు తోచిన వేళ చెప్పి జారుకుంటున్నాడని మా వాళ్ళు ఎగతాళి చేశారు. పొద్దు గుంకేవైపు తిరిగి సూర్యుడికి మొక్కుతాడని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచి వాడు ఆటకు రావడం లేదు. వాడు చెప్పింది నిజమేనా? నమాజు వేళ ఎందుకు మారుతుంది?"

ఈ ఉత్తరం రాసిన బాబు పేరు ఇక్కడ వెయ్యడం లేదు. "నేనూ నవ్వాను" అన్న మాటను రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరానికి జవాబు చెప్పాలనిపించింది.

బాబూ, నీ స్నేహితుడు చెప్పింది నిజం. ఆ వేళను అతను పెట్టలేదు, మసీదులో పిలిచే పెద్దమనిషీ పెట్టలేదు. దాన్ని పెట్టినవాడు సూర్యుడు. అది ఎలాగో చూద్దాం.

ముస్లింలు రోజుకు ఐదుసార్లు ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనకు అరబ్బీలో సలాత్ అని పేరు. మనం అనే నమాజు అన్న మాట పారశీక భాషది. అందులో ఒక తమాషా ఉంది. ఆ మాటకూ, మన నమస్కారంలో ఉన్న నమస్ అన్న సంస్కృత పదానికీ చుట్టరికం ఉంది. రెంటి అర్థమూ వంగడమే. మనం చేతులు జోడించి తల వంచి అనే మాటా, నీ స్నేహితుడు చెప్పిన మాటా ఒక ఇంటి పిల్లలే నన్నమాట!

ఐదు నమాజులకూ ఐదు పేర్లున్నాయి. తెల్లవారుజామున ఫజ్ర్, మధ్యాహ్నం జొహర్, పొద్దు వాలాక అసర్, పొద్దు గుంకగానే మగ్రిబ్, చీకటి పడ్డాక ఇషా. షియా శాఖకు చెందినవారు మధ్యాహ్నపు రెండిటినీ కలిపి, సాయంత్రపు రెండిటినీ కలిపి చేసుకోవడం పరిపాటి. ఎలా చేసినా నమాజులు ఐదే.

ఈ ఐదింటిలో ఒక్కటీ గడియారపు ముల్లుతో ముడిపడింది కాదు. ఈ నియమాలు ఏర్పడినది ఏడో శతాబ్దంలో, అరేబియా ఎడారిలో. అప్పుడు చేతి గడియారాలు ఎక్కడివి? గొర్రెలు కాచుకునేవాడికీ, ఒంటెల మీద సరుకు వేసుకుపోయే వర్తకుడికీ, ఇంట్లో రొట్టెలు కాల్చుకునే తల్లికీ కూడా కనిపించే గడియారం ఒకటే ఉంది. అది ఆకాశం. అందుకే ఐదు వేళలకూ ఐదు ఆకాశపు గుర్తులు ఏర్పడ్డాయి.

మొదటిది ఫజ్ర్. ఇది తెల్లవారినప్పుడు మొదలై సూర్యుడు పొడవడంతో ముగుస్తుంది. అయితే తెల్లవారడం అంటే ఏమిటి? కరెంటు దీపాలు లేని చోట, చంద్రుడు లేని రాత్రి చివర తూర్పున చూస్తే, ఒక్కొక్కప్పుడు సన్నని వెలుగు నిలువుగా పైకి లేచి కనిపిస్తుంది. అరబ్బులు దాన్ని తోడేలు తోకతో పోల్చారు. దానికి దొంగ వేకువ అని పేరు. అది వేకువ కాదు. సూర్యుడి చుట్టూ గ్రహాల మధ్య తిరిగే సన్నని ధూళి మీద పడ్డ ఎండ అలా మెరుస్తుంది. కొంతసేపటికి ఆకాశపు అంచు పొడుగునా, ఇటునుంచి అటు అడ్డంగా తెల్లని వెలుగు పరుచుకుంటుంది. అది నిజమైన వేకువ. ఫజ్ర్ మొదలయ్యేది అప్పుడే. సూర్యుడు అప్పటికి ఆకాశపు అంచుకు దిగువన సుమారు 18 డిగ్రీల లోతున ఉంటాడని మన దేశంలో ఎక్కువగా లెక్క కడతారు. కొన్ని దేశాలలో 15 డిగ్రీలని లెక్క.

రెండోది జొహర్. సూర్యుడు నడినెత్తికి వచ్చి, అవతలికి ఒరగడం మొదలుపెట్టాక దీని వేళ. సూర్యుడు ఒరిగినట్టు తెలిసేదెలా? నేల మీద కర్ర పాతి చూడండి. ఉదయం నుంచీ కురచ అవుతూ వచ్చిన నీడ, ఒక క్షణాన ఆగి, మళ్ళీ పెరగడం మొదలెడుతుంది. ఆ పెరుగుదలే గుర్తు.

గడియారంలో పన్నెండు కాగానే నడిమధ్యాహ్నం అవుతుందని మనం అనుకుంటాం. అది సరి కాదు. మన దేశమంతటికీ ఒకే కాలం ఉంది. అది కాకినాడకు దగ్గరగా పోయే 82 1/2 డిగ్రీల రేఖాంశం లెక్క. హైదరాబాదు దానికి పడమర ఉంది గనక అక్కడ సూర్యుడు నడిమింటికి రావడం సగటున 16 నిమిషాలు ఆలస్యం. పైగా భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడుగునా ఒకటిగా ఉండదు, దాని ఇరుసు కూడా ఒరిగి ఉంది. అందువల్ల హైదరాబాదులో నవంబరు మొదట్లో సుమారు పన్నెండింటికే నడిమధ్యాహ్నం అవుతుంది, ఫిబ్రవరి నడుమ సుమారు పన్నెండున్నరకు గాని కాదు.

మూడోది అసర్. దీన్ని కూడా నీడే చెబుతుంది. నడిమధ్యాహ్నం కర్రకు ఎంత నీడ ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఆ నీడకు కర్ర పొడుగంత నీడ అదనంగా చేరినప్పుడు అసర్ వేళ వచ్చినట్టని కొందరి పద్ధతి. కేరళలో ఎక్కువమంది ఇలాగే పాటిస్తారు. కర్ర పొడుగుకు రెండింతలు చేరాలని మరికొందరి పద్ధతి. మన తెలుగు నాట ఎక్కువమందిది ఇదే.

నాలుగోది మగ్రిబ్. నీ స్నేహితుడు పరుగెత్తేది దీనికోసమే. సూర్యబింబం పూర్తిగా గుంకగానే ఇది మొదలవుతుంది, పడమటి సంధ్యవెలుగు పోయేదాకా ఉంటుంది. మన ప్రాంతంలో అది సుమారు గంటా పావు. తక్కినవాటితో పోలిస్తే గడువు తక్కువ. అందులోనూ మొదట్లోనే చేసుకోవడం మంచిదంటారు. ఆట అయ్యేదాకా ఆగి, ఇంటికి పోయి, అన్నం తిని, తీరిగ్గా చేసుకుందామంటే కుదరదు.

ఐదోది ఇషా. సంధ్యవెలుగు పూర్తిగా పోయి, రాత్రి అయిందనిపించుకున్నాక దీని వేళ.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. మగ్రిబ్ వేళ ఎందుకు మారుతుంది? సూర్యాస్తమయం మారుతుంది గనక. భూమి ఇరుసు 23 1/2 డిగ్రీలు ఒరిగి ఉంది. అందువల్ల ఎండాకాలంలో మన వైపు పగళ్ళు పొడుగు, చలికాలంలో కురచ. హైదరాబాదులో జూలై మొదట్లో సూర్యుడు సాయంత్రం సుమారు 6 గంటల 54 నిమిషాలకు గుంకుతాడు. నవంబరు చివర సుమారు 5 గంటల 40 నిమిషాలకే గుంకుతాడు. గంటా పావు తేడా! ఎండాకాలంలో ఏడు కావస్తుండగా పోయినవాడు ఇప్పుడు ఆరు కాకముందే పోతున్నాడంటే, అతను లెక్క తప్పలేదు. అతనికి తన వేళ తెలుసు. మీరే పంచాంగం చూడలేదు.

ఇక రెండో మాట. పొద్దు గుంకేవైపు తిరిగి సూర్యుడికి మొక్కుతాడని ఒకడన్నాడు గదా? పైకి చూస్తే అలాగే అనిపిస్తుంది. మన ఊళ్ళలో ముస్లింలు పడమటి వైపు తిరిగే నమాజు చేస్తారు. కాని విషయం దానికి సరిగ్గా వ్యతిరేకం. సూర్యుడు సరిగ్గా పొడిచే క్షణంలోనూ, సరిగ్గా నడినెత్తిన ఉన్న క్షణంలోనూ, సరిగ్గా గుంకే క్షణంలోనూ నమాజు మొదలుపెట్టకూడదని వారి నియమం. సూర్యుణ్ణి పూజిస్తున్నట్టు ఉండకూడదని దీనికి ఒక కారణం చెబుతారు. వారు మొక్కేది ఒక్క దేవుడికి. సూర్యుడు వారికి గడియారం మాత్రమే.

మరి పడమర ఎందుకు? అరేబియాలోని మక్కా నగరంలో కాబా అనే నాలుగు పలకల కట్టడం ఉంది. ఎక్కడున్నా దానివైపు తిరిగి నమాజు చెయ్యాలని నియమం. ఆ దిక్కును ఖిబ్లా అంటారు. తొలి రోజుల్లో ముస్లింలు జెరూసలేము వైపు తిరిగేవారు. ప్రవక్త మహమ్మదు 622లో మక్కా నుంచి మదీనాకు వలస వెళ్ళాడు. ఆ తరవాత, 624లో, ఖిబ్లా మక్కా వైపుకు మారింది. మక్కా మనకు పడమర ఉంది. అందుకని మనవాళ్ళు పడమరగా తిరుగుతారు. ఈజిప్టులోని కైరోలో ఉన్నవారు ఆగ్నేయంగా తిరుగుతారు. ఇండొనేషియాలోని జకార్తాలో ఉన్నవారు వాయవ్యంగా తిరుగుతారు. ఆఫ్రికా కొసన కేప్‌టౌన్‌లో ఉన్నవారు ఈశాన్యంగా తిరుగుతారు. మక్కాలో కాబా ముందరే ఉన్నవారు దాని చుట్టూ వలయాలుగా నిలబడతారు. ఆకాశంలోంచి చూడగలిగితే, ప్రపంచం పొడుగునా ఒకే బిందువు చుట్టూ గీసిన పెద్ద పెద్ద వలయాలు కనబడతాయి. నీ స్నేహితుడు తన ఇంట్లో ఒక చిన్న చాప మీద నిలబడ్డాడంటే, ఆ వలయాల్లో ఒక దానిలో ఒక చుక్క అన్నమాట.

మీ బడిలో గ్లోబు ఉంటే ఒక పని చెయ్యండి. ఒక దారం తీసుకుని హైదరాబాదు మీద ఒక కొస, మక్కా మీద ఒక కొస పెట్టి బిగించి లాగండి. దారం సరిగ్గా పడమరకు పోదు. కొంచెం ఉత్తరానికి ఒరుగుతుంది. పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు. దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. ఇప్పుడు దారపు కొసను హైదరాబాదు నుంచి తీసి అమెరికాలోని న్యూయార్కు మీద పెట్టండి. న్యూయార్కు కంటే మక్కా బాగా దక్షిణాన ఉంది. అయినా దారం న్యూయార్కు నుంచి ఈశాన్యంగా బయలుదేరుతుంది! గుండ్రని నేల మీద దగ్గరి దారి పటంలో కనిపించే దారిలా ఉండదు. పటం బల్లపరుపు, భూమి గుండ్రం.

ఇంతకీ నీ స్నేహితుడు ఇంటికి పోయి ఏం చేస్తాడు? అదీ తెలుసుకో. ముందు వజూ చేస్తాడు. అంటే చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, ముక్కు శుభ్రం చేసుకుని, ముఖమూ, మోచేతుల దాకా చేతులూ కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, చీలమండల దాకా కాళ్ళు కడుక్కుంటాడు. నది ఒడ్డున కూర్చున్నా సరే నీళ్ళు దుబారా చెయ్యకూడదని పెద్దలు చెబుతారు. అసలు నీళ్ళే దొరకని చోట శుభ్రమైన మట్టిని చేతులతో తాకి, ముఖమూ చేతులూ తుడుచుకుంటే చాలు. ఎడారిలో పుట్టిన నియమం గదా!

ఆ తరవాత మక్కా దిక్కుకు తిరిగి నిలబడి, చేతులెత్తి, దేవుడు అందరికంటే గొప్పవాడని అరబ్బీలో అంటాడు. నిలబడి ఖురానులోని మొదటి అధ్యాయం చదువుతాడు. అందులో ఏడే వాక్యాలు. నడుము వంచి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటాడు. దాన్ని రుకూ అంటారు. మళ్ళీ నిలబడి, ఆపైన కిందికి వంగి నుదురు నేలకు ఆనిస్తాడు. దాన్ని సజ్దా అంటారు. ఒకసారి లేచి కూర్చుని రెండోసారి సజ్దా చేస్తాడు. ఇదంతా కలిస్తే ఒక రకాతు. కొసన కూర్చుని, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి ముఖం తిప్పి శాంతి కలుగుగాక అని సలాము చెబుతాడు. అంతటితో నమాజు ముగుస్తుంది.

తప్పనిసరి రకాతులు ఫజ్ర్‌కు రెండు, జొహర్‌కు నాలుగు, అసర్‌కు నాలుగు, మగ్రిబ్‌కు మూడు, ఇషాకు నాలుగు. మొత్తం 17. రకాతుకు రెండు సజ్దాలు గనక రోజుకు ఎన్నిసార్లు నుదురు నేలకు ఆనుతుందో మీరే లెక్క వెయ్యండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మసీదులో అందరూ కలిసి చేస్తారు. ఇమాము ప్రసంగం చేశాక రెండు రకాతులు ఉంటాయి. వరసలో నిలబడేటప్పుడు భుజానికి భుజం తగిలేటట్టు నిలబడతారు. ముందు వచ్చినవాడు ముందు వరసలో, వెనక వచ్చినవాడు వెనక వరసలో. పెద్ద ఉద్యోగీ, బండి తోలేవాడూ పక్కపక్కనే నిలబడవచ్చు.

ఒంట్లో బాగోలేనివాడు కూర్చుని చెయ్యవచ్చు. కూర్చోలేనివాడు పడుకునే చెయ్యవచ్చు. తల కదపగలిగితే తలతో సైగ చేసినా చాలు. దూర ప్రయాణంలో ఉన్నవాడు నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకోవచ్చు. రైలు పెట్టెలో రెండు బెంచీల మధ్య చిన్న గుడ్డ పరుచుకుని, రైలు మలుపు తిరిగినా చలించకుండా నమాజు చేసుకునే ముసలివాళ్ళను నేను చాలాసార్లు చూశాను. పక్కవాళ్ళు కాళ్ళు ముడుచుకుని వాళ్ళకు చోటిచ్చేవారు. ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని ఉండేది కాదు.

ఇక వేళ చెప్పడం సంగతి. మదీనాలో మొదట నమాజుకు పిలిచే పని బిలాల్ అనే ఆయనకు అప్పగించారు. ఆయన ఆఫ్రికాలోని అబిసీనియా జాతివాడు. బానిసగా ఉండి విడుదల పొందినవాడు. గొంతు చాలా గొప్పదట. ఆ పిలుపును అజాన్ అంటారు. పిలిచేవాణ్ణి మౌజన్ అంటారు. మసీదులు ఎక్కువై, నగరాలు పెద్దవై, ఎక్కడెక్కడి దేశాలకో ఇస్లాం వ్యాపించాక ఒక చిక్కు వచ్చింది. ఒక ఊరి వేళ మరో ఊరికి పనికిరాదు. ఒక ఊరి ఖిబ్లా మరో ఊరికి సరిపోదు. ఏ ఊరికి ఆ ఊరు లెక్క కట్టుకోవాలి. మబ్బు పట్టిన రోజు నీడే ఉండదు. అప్పుడెలా?

ఈ చిక్కు విప్పడానికి గొప్ప గణిత పండితులు పూనుకున్నారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ ఆ నగరానికి నమాజు వేళల పట్టికలు తయారుచేశాడు. 973లో పుట్టిన అల్ బిరూనీ నీడల లెక్కల మీద ఒక పుస్తకమే రాశాడు. గజనీ పట్టణపు ఖిబ్లా సరిగ్గా తెలియడం కోసం ఊళ్ళ మధ్య దూరాలూ, అక్షాంశ రేఖాంశాలూ లెక్క కట్టాడు. సంస్కృతం నేర్చుకుని మన దేశాన్ని గురించి పెద్ద గ్రంథం రాసింది కూడా ఈయనే.

ఈ లెక్కల్లో మన దేశపు చెయ్యి కూడా ఉంది. పెద్ద తరగతుల్లో మీరు సైన్ అనే మాట వింటారు. మన పూర్వపు గణితజ్ఞులు దాన్ని జ్యా అనీ, జీవా అనీ అనేవారు. అది అరబ్బుల చేతిలో జైబ్ అయింది. జైబ్ అంటే అరబ్బీలో చొక్కా గుండె దగ్గరి మడత. యూరపు వాళ్ళు ఆ అర్థమే తీసుకుని లాటిన్‌లో సైనస్ అన్నారు. అదే సైన్ అయింది. చూశారా, ఒక మాట ఎన్ని దేశాలు తిరిగి మళ్ళీ మన పాఠ్యపుస్తకంలోకి వచ్చిందో!

పెద్ద మసీదుల్లో వేళలు లెక్క కట్టడానికే ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన్ని మువఖ్ఖిత్ అనేవారు. సిరియాలోని డమాస్కసు నగరంలో ఉమయ్యద్ మసీదు ఉంది. అక్కడ మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్న్ అల్ షాతిర్ పెద్ద ఖగోళ పండితుడు. ఆయన 1371లో ఆ మసీదు మీనారు మీద పెట్టడానికి ఒక నీడ గడియారం చేశాడు. అది సుమారు రెండు మీటర్ల పొడుగూ, ఒక మీటరు వెడల్పూ ఉన్న పాలరాతి పలక. దాని ముల్లు నిలువుగా ఉండదు. భూమి ఇరుసు ఎటు ఒరిగి ఉందో అటే ఒరిగి ఉంటుంది. అందువల్ల ఏడాది పొడుగునా అది గంటలను సమానంగా చూపుతుంది. పలక మీద నమాజు వేళలకు వేరే గీతలు చెక్కి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పలక విరిగిపోయింది. 1876లో అలాంటిదే మరొకటి చేసి అక్కడ పెట్టారు. పాత పలక ముక్కలు డమాస్కసు మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ లెక్కలన్నీ సెల్ ఫోను క్షణంలో కట్టేస్తుంది. కాని ఫోను కడుతున్న లెక్క ఆ పలక మీది లెక్కే. అదే సూర్యుడు, అదే నీడ.

మరి సూర్యుడే సరిగ్గా ఉదయించని చోట? ఉత్తర నార్వేలో వేసవిలో వారాల తరబడి పొద్దు గుంకదు. చలికాలంలో వారాల తరబడి పొడవదు. అక్కడి ముస్లింలు దగ్గరి ఊరి వేళనో, మక్కా వేళనో పాటిస్తారు. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. 2007 అక్టోబరులో షేక్ ముస్జఫర్ షుకూర్ అనే మలేషియా వైద్యుడు రోదసికి వెళ్ళి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నాడు. ఆ కేంద్రం సుమారు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. అంటే రోజుకు సుమారు పదహారు సూర్యోదయాలు! ఐదు పదహార్లు ఎనభై నమాజులు చెయ్యాలా? మలేషియా మతపెద్దలు ముందే ఆలోచించి చెప్పారు. రాకెట్టు బయలుదేరిన చోట వేళ ఎంతో అదే పాటించి, రోజుకు ఐదే చేస్తే చాలన్నారు. దిక్కు కూడా వీలైనంత వరకు చూసుకోమన్నారు.

ఇంత చదివాక మీకూ చేసి చూడాలని ఉంటుంది. సరే, రెండు పనులు చెబుతాను.

మొదటిది. ఎండపడే చదునైన చోట మీటరు పొడుగు కర్రను నిటారుగా పాతండి. పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర ఒక గులకరాయి పెట్టండి. అన్నిటికంటే కురచ నీడ ఎప్పుడు వచ్చిందో అది మీ ఊరి నడిమధ్యాహ్నం. డిసెంబరు 22న హైదరాబాదులో ఆ నీడ సుమారు 86 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి ఒక మీటరు కలిపితే 186, రెండు మీటర్లు కలిపితే 286. నీడ అంత అయ్యేదాకా కనిపెట్టి, వేళ రాసుకోండి. ఆ రోజు మసీదు పట్టికలో అసర్ ఎప్పుడో మీ స్నేహితుణ్ణి అడిగి, పోల్చి చూడండి. మే మొదట్లో, ఆగస్టు మొదట్లో ఇదే పని చేస్తే హైదరాబాదులో మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు.

రెండోది ఇంకా తమాషా అయినది. మక్కా నెత్తి మీదికి కూడా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అది మే 28న మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకూ, జూలై 16న 2 గంటల 57 నిమిషాలకూ జరుగుతుంది. లీపు సంవత్సరంలో ఒక రోజు ముందు. ఆ క్షణంలో సూర్యుడు కాబా మీద నిలువుగా వేలాడే దీపం లాంటివాడు. కనుక మన ఊళ్ళో కర్ర నీడ పడిన గీత వెంట సూర్యుడి వైపుకు చూస్తే, ఆ దిక్కే మక్కా దిక్కు. దిక్సూచి అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. నీడ వెంటనే గీత గీసి, మీ ఊరి మసీదు ఏ దిక్కుకు ఉందో చూడండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. కళ్ళు పాడవుతాయి. నీడను చూస్తే చాలు.

ఇక, ఉత్తరం రాసిన బాబూ, నీతో ఒక మాట. మగ్రిబ్‌కు మూడే రకాతులు. వజూ చేసుకుని, నమాజు చేసుకుని, కావాలంటే మరి రెండు రకాతులు అదనంగా చేసుకున్నా మహా అయితే పావుగంట. ఇల్లు దగ్గరైతే అతను మళ్ళీ ఆటకు రావచ్చు. రాకపోవడానికి కారణం నమాజు కాదు, మీ నవ్వు. మీరంతా అతను ఓటమికి భయపడి పోతున్నాడనుకున్నారు. నిజానికి ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు, చేతిలో బంతి ఉన్నప్పుడు, తనంతట తాను వదిలి వెళ్ళడానికే ఎక్కువ గుండెనిబ్బరం కావాలి. నువ్వైతే వెళ్ళగలవా? ఒక్కసారి ఆలోచించు.

రేపు వాళ్ళింటికి వెళ్ళు. "నాకు తెలియక నవ్వాను" అను. ఆ ఒక్క మాట చాలు, పెద్ద ఉపన్యాసం వద్దు. పంచాంగంలో సూర్యాస్తమయం ఎప్పుడో చూసి ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద నెలరోజులకూ రాసి పెట్టుకోండి. ఆట దానికి పది నిమిషాల ముందు ఆపుదామని మిగతావాళ్ళతో చెప్పండి. అప్పటికి ఎవరు గెలుస్తుంటే వాళ్ళే గెలిచినట్టు. లేదా పావుగంట విరామం పెట్టుకోండి. ఆ పావుగంటలో మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

కర్ర పాతే పని మాత్రం నువ్వొక్కడివే చెయ్యకు. ఒకరు నీడ కొస చూపాలి, ఒకరు గడియారం చూసి రాసుకోవాలి. అందుకు ఇద్దరు కావాలి. మీ ఇద్దరి లెక్కా ఎలా వచ్చిందో నాకు రాయండి. ఉత్తరం కింద ఈసారి రెండు పేర్లు ఉంటే, రెండూ ఈ పేజీలో వేస్తాను.

మీ
తాతయ్య